రెండున్నర పేజీల అధ్యాయం

పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఉల్లిపాయల కాటా పక్కనే
నూకయ్య బాబాయి పుస్తకాలు అద్దెకిస్తాడు.
నన్ను చూడగానే,
"ఏటమ్మా, ఈపాలి పెపంచం ఎన్ని గంటల్లో పేలిపోద్ది?" అంటాడు.
ఇరవై నాలుగైతే పది రూపాయలు.
పన్నెండే అయితే పదిహేను.
తొందర ఖరీదైన సరుకు మరి.

అట్ట మీద ఎప్పుడూ ఒక శిలువో చక్రమో,
దాని వెనక మైక్రోస్కోపు,
రెంటి మధ్యా పరిగెడుతున్న మనిషి నీడ.
లోపల ఒక పూజారి మాయమై ఉంటాడు,
ఆయన గదిలో పరీక్షనాళిక ఇంకా వెచ్చగా ఉంటుంది.
అధ్యాయం రెండున్నర పేజీలు.
చివర తలుపు తెరుచుకుంటుంది.
వచ్చిందెవరో చెప్పరు.
ఇంకొక్కటి, ఇంకొక్కటే అనుకుంటూ
కాన్వెంట్ జంక్షన్లో దిగాల్సినదాన్ని
మొన్న గాజువాకలో తేలాను.
కండక్టరు మిగతా టికెట్టు కొట్టి
"దొరికాడా మేడమ్?" అన్నాడు.
దొరకలేదు.

నా ఉద్యోగం గాలిని తూచడం.
నవ్వకండి.
పాత పోస్టాఫీసు దగ్గర ఒక మేడ మీద
గాలి పీల్చే పెట్టె ఒకటుంది.
దాని వడపోత కాగితాన్ని
పెట్టేముందు ఒకసారి, తీశాక ఒకసారి
తూచి, తేడా రాస్తాను,
గ్రాములో పదివేలో వంతు దాకా.
నాకూ ఉన్నాయి చేతొడుగులు, పట్టకారు, తెల్లకోటు.
తలుపు తోసుకుని మాత్రం ఎవరూ రారు.

ఆ మేడ మీంచి మూడు కొండలు కనిపిస్తాయి.
ఒకదాని మీద మరియమ్మ తల్లి,
ఒకదాని మీద దర్గా,
ఒకదాని మీద వెంకన్న.
కింద ఓడలు లోపలికొచ్చే కాలువ,
అవతల డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్.
పుస్తకం మూసిన సాయంత్రం
ఇవి కొండల్లా ఉండవు.
మూడింటినీ కలిపి గాల్లో గీత గీస్తాను,
ఎన్ని అంకెలకి లైటు నా వైపు తిరుగుతుందో లెక్కపెడతాను.
ఎవడో ఎక్కడో కూర్చుని ఇదంతా పన్నాడు,
తాళంచెవి ఒకటుంది,
అది నాకే దొరుకుతుంది.
ఆ పది నిమిషాలు ఎంత బాగుంటుందో
మీకెలా చెప్పను.
ఏదీ ఊరికే లేని ఊరు!
పావురం కూడా ఏదో పని మీదే వెళ్తోంది.

మా అమ్మమ్మ పైడమ్మ ఇలాంటివి ఒక్కటీ చదవలేదు.
ఏటా అక్షయ తదియ ముందురాత్రే
సింహాచలం లైన్లో నిలబడేది.
ఏడాది పొడుగునా చందనం కింద ఉన్నవాడు
ఆ ఒక్కరోజు బయటపడతాడు.
ఎనిమిది గంటలు నిలబడితే
రెండు రెప్పపాట్ల చూపు.
"ఎలాగున్నాడే?" అని అడిగితే
"సూసినాను" అనేది. అంతే.
రాత్రికి మళ్లీ పూత మొదలు.
ఊరందరికీ చూపించాక కూడా
రహస్యాన్ని రహస్యంగా ఉంచడం
నూకయ్య కొట్లో ఏ రచయితకీ చేతకాలేదు.

నా దగ్గరున్నది అలాంటిది కాదు.
కాగితం తెల్లగా వెళ్లి నల్లగా వస్తుంది.
కారణం రేవులో కుప్పలు పోసి ఉంది,
దారినపోయే మేకకి కూడా కనిపిస్తుంది.
సంకేత లిపి లేదు, నేలమాళిగ లేదు.
అంకె వేస్తాను, సంతకం పెడతాను,
నోటీసుబోర్డుకి అంటిస్తారు.
ఎవరూ నన్ను వెంటాడరు.
కొంచెం చిన్నతనంగా ఉంటుంది, నిజం చెప్పాలంటే.
కింద వీధిలో ఫిలోమినా ఆంటీ
ఆరిన దుప్పటిని ఒకసారి దులిపి చూసి
మళ్లీ ఉతకడానికి లోపలికి తీసుకుపోతుంది.

పుస్తకంలో నిజం బయటపడితే
హెలికాప్టర్లు లేస్తాయి,
మఠాధిపతులకి చెమటలు పడతాయి.
ఇక్కడ నిజం బయటే ఉంది,
వానకి తడుస్తూ.
అందుకే కాబోలు
ఎవరో ఒకరు దాచిపెట్టాలనుకునేంత విలువున్న నిజాన్ని
వారానికొకటి అద్దెకి తెచ్చుకుంటాను.

శనివారం తిరిగిచ్చేస్తే
బాబాయి గుడ్డతో అట్ట తుడిచాడు.
గుడ్డ నల్లబడింది.
ఇద్దరం చూశాం. ఏమీ అనుకోలేదు.
"కొత్తదొచ్చింది. ఆరు గంటలే" అన్నాడు.
ఇరవై తీసిచ్చాను.