చెవి కింద ఒకటి

కీలుంగ్‌లో వాన ఎప్పుడు ఆగిందో చెప్పమంటే
మా అమ్మ కూడా చెప్పలేకపోయేది.
అర్ధరాత్రి చేపల సంత. నేను ఐసు అమ్ముతాను.
నా పక్క బల్ల త్సాయ్‌ఫెంగ్‌ది.

ముప్ఫై ఏడేళ్లుగా పొలుసు తీస్తోంది,
కానాగంతలకి కాదు, వాటికి పెద్దగా ఉండదు,
పండుగప్పలకి.

ఒక్క సిగరెట్టు ముట్టని మనిషి ఊపిరితిత్తిలో గడ్డ.
రోజుకో మాత్ర ఇచ్చారు. జుట్టు ఊడలేదు.
ఊడుతుందని టోపీ కొనుక్కుంది పాపం, ఊదారంగుది.

రెండో వారం మొటిమలు.
ముక్కు మీద, గడ్డం మీద, మెడ దిగి ఎదదాకా.
అరవై మూడేళ్ల ఆడమనిషికి పదహారేళ్ల మొహం,
అదీ పెళ్లిచూపుల ముందురోజు మొహం.
డాక్టరేమో చూసి సంబరపడ్డాడట:
మొహం పూసిందంటే మందు పట్టిందన్నమాట.
'ఆయన మొహాన పూయలేదుగా' అంది.

తర్వాత వేళ్లు.
గోరుచుట్టు ఒకటి కాదు, ఆరు.
గోరుచుట్టు మీద రోకటిపోటంటారే,
ఆమెకది బల్లమీది ఉప్పునీళ్లు.
ఉబ్బిన కండని టేపుతో గోరునుంచి పక్కకి లాగి
మెలిక తిప్పి చుట్టడం నర్సు చూపించిందట.
ఒంటిచేత్తో కుదరదు, నేనే చుడతాను.
మడమ పగుళ్లకి జిగురు,
తెగిన చెప్పుకి వేస్తామే, అలాంటిదే.
బొటనవేలు పెడితే ఫోను తెరుచుకోదు.
'నన్నెవరో అనుకుంటోంది.'

కనురెప్పల వెంట్రుకలు మాత్రం పెరిగాయి,
వంకీలు తిరిగి, కంట్లో గుచ్చుకునేంత.
ఆదివారాలు మనవరాలు కత్తిరిస్తుంది,
నాకూ ఇలాంటివి కావాలి అంటూనే.

పోయిన మంగళవారం మాస్కు లేకుండా వచ్చింది.
మొహం నున్నగా, కడిగిన పళ్లెంలా.
బాగుంది అన్నాను.
అనకూడదని తర్వాత తెలిసింది.
ఆ రాత్రి రెండుసార్లు చిల్లర తప్పు ఇచ్చింది,
పీత ఒకటి బుట్ట దాటిపోతున్నా చూడలేదు.
తెల్లారగట్ల నన్ను బల్బు కిందకి పిలిచి
'సరిగ్గా చూడు, ఒక్కటైనా ఉందా?'

చూశాను. నుదురు. ముక్కు. గడ్డం.
చెవి కింద ఏదో మెరిసింది.
వేలితో తాకి, 'ఇదిగో, ఇక్కడొకటి' అన్నాను.
'గట్టిగా ఉందా?'
'ఉంది.'
ఊపిరి వదిలి కత్తి అందుకుంది.

ఐసుగడ్డ ఎత్తబోతూ చూసుకున్నాను,
నా చూపుడువేలికి అంటుకుని
పండుగప్ప పొలుసు.