మచ్చకి తెలీదు

తొమ్మిదో రోజు.
రెండు గొట్టాల చివర రెండు సీసాలు,
పలచని ఎర్రనీళ్ళు.
ఎడమ ముప్పై, కుడి ఇరవై రెండు మిల్లీలీటర్లని
పాత బేకరీ బిల్లు వెనక రాస్తుంది వదిన గ్రాసిందా.
పాతికేళ్ళు పిండి తూచిన చేతులు మావి.

పోర్తోలో, మూడో అంతస్తు వరండాలో
పడిపోయిన చిల్లర వెతుకుతున్నట్టు
వంగే నడుస్తున్నా.
తుమ్మొస్తే దిండు అదుముకోవాలి.
నవ్వొస్తే మరీ కష్టం,
గ్రాసిందా ఊరుకోదు.

అరవై కిలోలు నేనే కరిగించుకున్నా.
మిగిలిన ఖాళీ సంచిని
డాక్టరు కోశాడు.

సాయంత్రం, బిగుతు పట్టీ విప్పితే
బొడ్డుకి పైనుండే పుట్టుమచ్చ
కిందికి దిగొచ్చి
కుట్ల పక్కన కూర్చుంది.
తాకి చూశాను.
వేలికి తెలిసింది.
మచ్చకి ఇంకా తెలీలేదు.