సున్నం గుండ్రాలు

దామలచెరువు మండీలో
సున్నం గుండ్రాల్లో నిలబడి వాదిస్తా ఉండారు.
"సోమారం తెరుద్దాం" అంటాడు చెంగల్రాయ నాయుడు.
"ఇంకో పద్నాలుగు దినాలు" అంటాది నర్సు ధనకోటమ్మ.
మాస్కులో తడిసి వస్తాది ఆమె మాట.

పద్నాలుగు దినాలంటే
బెంగళూరా కాయ పచ్చన పోయి పసుపెక్కి
ముచ్చిక కాడ నల్లబడతాది.
ధనకోటమ్మకూ ముప్పై చెట్లుండాయి.
నాకు తెలుసు, పోయినేడు నేనే తూచినా.

హమాలీ మునెప్ప నోరు తెరవలా.
ఆయప్పను ఎవురూ అడగలా.
తెరిస్తే మద్రాసు లారీ డ్రైవరు దగ్గు
మొదట వినేది ఆయప్పే.
మూస్తే మొదట పొయ్యి ఆరేదీ...

నేను కాటా రాసేవాణ్ణి.
ఇరవై రెండేండ్లుగా
ముల్లు నిలిచినాకే అంకె వేస్తా.
ఈ పొద్దు కలం మూత తీసి
తేదీ కాడ ఆగిపోయినా.

గాలి లేచింది.
గోడవతల తోటలో
ఒక కాయ రాలిన చప్పుడు.
అందరూ అటు తిరిగినారు,
ధనకోటమ్మ కూడా.

మునెప్ప మాత్రం
తన గుండ్రం చెరిగిపోయిందని
బొటనవేలితో సున్నం
దగ్గరికి జరుపుకుంటా ఉండాడు.