సోదా కాగితం

గుణుపురం కోర్టు వరండాలో
మూడో బుధవారం.
నకళ్ల గుమస్తా ఒడియాలో అడుగుతాడు:
తారీఖు? ఠాణా? తండ్రి పేరు?
నేను తెలుగులో చెప్పింది
గొడుగులు పట్టిన అక్షరాల కింద దూరుతుంది.

ఆ రాత్రి వాళ్లు
చోడిపిండి డబ్బా బోర్లించారు,
గుంటడి పుస్తకాల సంచి దులిపారు,
మా మరిది లోకనాథం చెప్పుల్లో ఒకటి పట్టుకెళ్లారు.
కాగితమేదని అడిగితే
కోర్టులో ఉందన్నారు.

రిజిస్టరు మీద వేలు దిగుతోంది.
పద్నాలుగు... పదిహేను...
నడుమ ఒక టీ మరక.
"ఆ రాత్రికి ఏ వారెంటూ లేదమ్మా."

"లేదనే రాసియ్యి బాబూ" అన్నాను.
కలం ఆగింది.
లేనిదానికి నకలు ఎలాగిస్తారో
పెద్ద గుమస్తాని అడగాలట.

బెంచీ మీద కూచున్నాను.
నా సంచిలో రెండో చెప్పు ఉంది.