ఏటవాలు నడక

మొదటి రోజు ఏమీ ఉండదు.
పాత పెయింటు బకెట్టులో
రెండు గ్లాసుల చోళ్లు, గ్లాసు గంటెలు, గుప్పెడు నూకలు,
పైన నాలుగు వేళ్లెత్తు నీళ్లు.
కుళాయి నీళ్లయితే ఒక రాత్రి బయట పెట్టి
బ్లీచింగు వాసన పోయాక పోసినవి.
మూత బిగించను.
దానికీ ఊపిరాడాలి.

రెండో రోజు
చెవి పెట్టి వింటే చిటచిట.
కైలాసపురం కొండవాలు మీద నా రేకుల ఇంట్లో
నేను కాక ఇంకెవరో మేలుకున్నట్టు.

మూడో నాటికి మా అమ్మమ్మ తరవాణి కుండ వాసన.
ముక్కు వెనకాల ఎక్కడో నీరూరించే అదే పులుపు.
పైన తెల్లటి పొర కడితే కలిపెయ్యడమే,
నల్లటి బూజైతే పారబొయ్యాలి.
ఈ తేడా నాకెవరూ చెప్పలేదు.
రెండు బకెట్లు మురుక్కాలవ తాగాక తెలిసింది.

ఆరు పెట్టలు, ఒక పుంజు.
పెట్టలకి పేర్లు పెట్టలేదు. పుంజు పేరు మేస్త్రీ.
డేగ రంగు. తోకలో రెండు ఈకలు మాత్రం నలుపు.
కుడికాలి ముల్లు నా బొటనవేలంత.
మేత వేస్తే తాను ముందు తినడు.
ఒక గింజ ముక్కున పట్టి, జారవిడిచి, మళ్లీ పట్టి
కొక్కొక్కొక్కని పెట్టల్ని పిలుస్తాడు,
భోజనాల బంతి దగ్గర నడుం మీద తువ్వాలు బిగించి
నిలబడ్డ పెద్దమనిషిలా.

అలాంటివాడు
పోయిన ఎండల్లో నా పిక్క చీల్చాడు.
కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన పొద్దున్న.
రాత్రంతా ఒకరి తర్వాత ఒకరికి కట్లు మారుస్తుంటే
పళ్లెం పట్టుకు నిలబడి
ఇంటికొచ్చి నాకు నేనే కట్టు కట్టుకున్నాను.

“ఏటప్పా, ఇంకా సూస్తన్నావేటి? ఆదివారం కూరే”
అన్నాడు కింద వరసలో అసిరినాయుడు.
మసాలా ఖర్చు తనదే అని కూడా అన్నాడు.

ఆకుపచ్చ యూనిఫాం చీర చూసి అనుకున్నాను.
మార్చుకుని వెళ్లాను. తన్నాడు.
ఫినాయిలు వాసనేమో అనుకున్నాను.
ఆ పులిసిన నీళ్లలోనే మోచేతుల దాకా కడుక్కున్నాను.
తన్నాడు.
చీపురెత్తితే రెచ్చిపోయాడు.
నేను వెనక్కి తిరిగి పరిగెత్తిన రోజైతే
గోడెక్కి కూశాడు,
పోర్టు క్రేన్లలో ఉన్నవాళ్లు కూడా వినాలని.

ఒక సెలవు రోజు మంచం మీద కూర్చుని చూస్తున్నాను.
పక్కింటి గుంట హేమసుందరి
రాళ్లేరుకుంటూ, మధ్యలో ఆగి చీమల్ని పలకరిస్తూ,
వంకరటింకరగా పెట్టల మధ్య నుంచి పోయింది.
మేస్త్రీ ఒక కన్నుతో చూసి ఊరుకున్నాడు.

అప్పుడు నా కాళ్లు గుర్తొచ్చాయి.
పద్దెనిమిదేళ్లు స్ట్రెచరు వెనకాల నడిచిన కాళ్లు.
“బేగి, బేగి” అని ఎవరో ఒకరు తరుముతుంటే
వరండాలో జనాన్ని చీల్చుకుంటూ
గీత గీసినట్టు పోయే నడక.
ఆ నడకతోనే గేటు తీసి
తిన్నగా వాడి పెట్టల మీదికి.
వాడి లెక్కలో నేనెవరిని?
బకెట్టు పట్టుకుని దండెత్తి వచ్చినదాన్ని.

ఇప్పుడు గేటు దగ్గర ఆగుతాను.
డాల్ఫిన్ నోస్ మీది మబ్బుని చూస్తూ
వాడిని చూడనట్టు
ఏటవాలుగా నడుస్తాను.
రెక్క దించి పక్కవాటుగా చిందు తొక్కితే
వెనక్కి తగ్గను, మీదికీ పోను.
వాడికి విసుగు పుట్టేదాకా నిలబడతాను.
మరీ మితిమీరితే చంకలో ఇరికించుకుని
రెండో చేత్తో మేత వేస్తాను.
పెట్టల ఎదుట చంకలో ఉండటం వాడికి నామోషీ.
ఈకల కింద వాడి గుండె
బకెట్టులాగే చిటచిట.

వడగట్టిన నీళ్లు ఒక గ్లాసు దాస్తాను.
అవి కలిపితే
రేపటి బకెట్టు ఒక రోజు ముందే పులుస్తుంది.
అంతకన్నా బేగి ఏదీ కాదు.

మొన్న అసిరినాయుడు ఆదివారం సంగతి అడగడానికి
గేటు తోసుకుని తిన్నగా వచ్చాడు.
ఆగమని చెప్పేలోపే
మేస్త్రీ గాల్లో ఉన్నాడు.

అరుగు మీద కూర్చుని మోకాలు పట్టుకుని
“కట్టు కట్టప్పా, బేగి, బేగి” అంటాడు.

ముందు బకెట్టు కలిపి వచ్చాను.