ఎనభై నాలుగు దగ్గర

బోరబండలో మే నెల, రాత్రి పదకొండు.
గోడ మీద చెయ్యి పెడితే
పగలు ఇంకా అందులోనే ఉంది.

టేబుల్ కింద డబ్బాకి మూత తీసే ఉంచా.
మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు,
ఎవరో రెండేళ్లు బిట్‌కాయిన్లు తవ్వి తవ్వి వదిలేస్తే
పార్క్‌లేన్‌లో సగం ధరకి తెచ్చుకున్నది,
ఎనభై నాలుగు చూపిస్తోంది.
నీళ్లు మరగడానికి ఇంకా పదహారే.

అది గీస్తున్నదీ నీళ్లే.
కోకాపేటలో పునాది కూడా లేవని బిల్డింగుకి
నలభయ్యో అంతస్తు మీద ఈతకొలను.
సోఫాలూ టైల్సూ చిటికెలో అయిపోతాయి.
నీళ్లే తెమలవు.
అల మీద వెలుగు, వెలుగు కింద మళ్లీ అల,
అక్కడ ఒక్క సెకను కదలాలంటే
ఇక్కడ ఇరవై నాలుగు నిమిషాలు కరెంటు కాలాలి.
మా వీధికి ట్యాంకరు ఎల్లుండి.

కూలరూ కార్డూ కలిసి నడుస్తుండగా
తెల్లారి అయిదింటికి ఇంటావిడ బాలమణి మోటారు వేస్తే
మెట్ల కింద ఎంసీబీ టక్కుమంటుంది.
నిన్న ఆరొందల పదకొండో ఫ్రేము అలాగే పోయింది.
చీకట్లో మూడు ఫ్యాన్లూ
ఒకదాని తర్వాత ఒకటి ఆగడం విన్నాను.
"ఏం వండుతున్నవ్ బాబూ పైన? మీటరు గిర్రున తిరుగుతుంది!"
"నీళ్లమ్మా" అన్నా.
నమ్మలేదు.

మధ్యాహ్నం రవూఫ్ భాయ్ కార్డు విప్పి
లోపల ఎండిన పేస్టుని గోటితో గీకితే
పాత సున్నంలా రాలింది.
బఠాణీ గింజంత కొత్తది పెట్టి
వేలు తుడుచుకుంటూ అన్నాడు:
"మూడొందల ఇరవై వాట్లు ఎందుకు తాగిస్తున్నవ్ దీనికి?
రెండొందల ఇరవై ఇయ్యి, చాలు.
పని పదో వంతు తగ్గుతది, అంతే.
జాన్ మిగులుతది."
ఎవరి జాన్ అని నేనడగలేదు.

ఇంటికొచ్చి స్క్రీన్ మీద గీత కిందికి లాగా.
ఎనభై నాలుగు. డెబ్బై తొమ్మిది.
డెబ్బై ఒకటి దగ్గర కుదురుకుంది.
ఫ్యాన్ల అరుపు తగ్గేసరికి
ఎక్కడో పసిపిల్ల దగ్గు,
సందు చివర ఎవరో షట్టర్ దించిన మోత,
నా కుర్చీ కిర్రు.
ఇన్ని రాత్రులూ ఇవి ఇక్కడే ఉన్నాయన్నమాట.

వీడియో పొద్దున్నే కావాలన్నారు వాళ్లు.
"మధ్యాహ్నానికి ఇస్తా" అని మెసేజ్ పెట్టా.
రెండుసార్లు చెరిపి, మూడోసారి పంపా.
భూమేమీ ఆగలేదు.
నీలిరంగు ఇంకొంచెం పెంచమని మాత్రం వచ్చింది.

అయిదయింది. మోటారు మూలిగింది.
ఊపిరి బిగబట్టి మెట్ల వైపు చూశా.
టక్కుమనలేదు.

కింద ఇస్త్రీ బండి దగ్గర ఎల్లేష్
బొగ్గులు రాజేసి, విసనకర్రతో ఊది,
ఎవరిదో తెల్ల చొక్కా మీద
పిడికెడు నీళ్లు చిలకరించాడు.
చుయ్‌మని
ఒక్క క్షణంలో పని ముగించుకుని లేచిపోయాయవి.

నా నీళ్లు ఇంకా
మూడొందల ఫ్రేముల దూరంలో ఉన్నాయి.