అర ఇంచు వదులు

హమ్రియాల నా దుకాణం షట్టర్ సగం దించి
మూడు రాత్రుల పనికి థియేటర్‌కు పోయిన.
సూదులు, చాక్‌పీసు, తాత వాడిన ఇత్తడి అంగుస్తానా,
గేటు కాడ మెషీన్ల పెట్టి ఒక్కొక్కటే చూసిండ్రు.

జపాన్ నుంచి వచ్చిన ఆట.
దీపస్తంభం కాపలావాని పెండ్లాం వేషం హోనామిది.
నలభై ఒకటేండ్లు.
పదహారేండ్లప్పుడు ఏడుగురు ఆడపిల్లలల్ల ఒకతి,
జుట్టుకు పసుపు రిబ్బను,
ఆమె ఎగిరితే స్టేడియమంతా ఎగిరేదట.
మారిసెల్ ఫోన్ల చూపెట్టింది,
తొమ్మిది కోట్ల మంది చూసిన పాట.
పేరు "గొడుగు మరిచిన".
గొడుగు మరిచినదానికి గింత సంబురమా!
మస్కట్ల వాన పడితే బడులు బంద్ పెడతరు,
మరిచిపోతందుకు గొడుగన్నా ఉండాలె గద.

నాకు ఆ భాష ముక్క రాదు.
తెలిసింది గుడ్డ.
తెర పక్కన చీకట్ల నిలబడి
అందరు ఆమె మొఖం చూస్తుంటే నేను కుట్లు చూస్త.
"దీపం ఆర్పకు" అని పాడెటప్పుడు
రెండు చేతులు సముద్రం దిక్కు లేస్తయి.
మొదటి రాత్రి గాడనే
ఎడమ చంక కుట్టు పిగిలింది.
జనం లేచి నిలబడి చప్పట్లు.
నేను కూసుండి సూదిల దారం ఎక్కిస్తున్న.

తెల్లారి కొలత తీసుకుంటూ
నడుము చుట్టు టేపు బిగబట్టిన.
ఆగుమన్నట్టు చెయ్యి చూపి
పొట్ట నిండ గాలి పీల్చింది.
నా వేళ్ల నడుమ నుంచి టేపు
రెండించులు జారిపోయింది.

ఇరవై ఆరేండ్ల సంది నడుములు కొలుస్తున్న,
ఊపిరి కొలవాలని ఎవరు చెప్పలే.
సిరిసిల్లల మా నాయిన
పడుగు పోగును వేలితోని మీటి చెవి పెట్టెటోడు.
బిగిస్తే తెగుతది, ఇడిస్తే బట్ట కాదు.
ఆయిన చెవి యాదికొచ్చి
నడుముకు రెండు ఇంచులు, చంకకు అర ఇంచు ఇడిసిన.

ఆ రాత్రి ఏది పిగల్లే.

ఆఖరి రోజు ఆట ఒడిసింది, జనం పోలే.
వెనక వరుసలకెళ్లి ఒక్కటే మాట, "కాసా! కాసా!"
గొడుగు అడుగుతున్నరన్నది మారిసెల్.
హోనామి తెర పక్కకు వచ్చింది,
చెమటకు రంగు కారుతున్నది.
అద్దం చూసుకోలే, నీళ్లు తాగలే.
నా మెడలకెళ్లి పసుపు టేపు గుంజుకొని
జుట్టుకు చుట్టి ముడేసింది.
ఆ నల్లటి బరువు గౌనుతోనే పోయింది.

ఎగరలే.
ఆగి ఆగి పాడింది, బస్టాపుల నిలబడ్డట్టు.
తొమ్మిది కోట్ల మంది చూసింది ఈ పాటేనా?
గండ్ల ఎగిరిన పిల్ల ఎటు పోయింది?
ఇంచు గీతలు ఆమె ఈపు మీద ఊగుతున్నయి,
నలభై రెండు, నలభై మూడు,
ఆటినే చూసుకుంట నిలబడ్డ.
ఒక్క కుట్టు కదల్లే.
మొదటి వరుసల టై కట్టిన ముసలాయన
బూట్ల దిక్కు చూసుకుంట ఏడుస్తున్నడు.

టేపు మర్చిపోకుండ తెచ్చిచ్చింది.
రెండు చేతులతోని పట్టి వంగింది,
నేను గూడ వంగిన, నా తల గౌను హుక్కుకు తగిలింది.
ఇద్దరం నవ్వినం.

ముడి పడ్డ కాడ మడత ఇంక పోలే.
ఇస్త్రీ పెట్టబుద్ధి కాలే.

మొన్న సొహార్ల క్రేన్ నడిపే లింబాద్రి
కొత్త అంగీ తొడుక్కొని మూతి ముడిచిండు,
"మాస్టర్, రొమ్ము కాడ వదులైంది."
పాట పాడి చూడు అన్న.
పిచ్చోన్ని చూసినట్టు చూసి
పైసలిచ్చి పోయిండు.

మెట్లు దిగుతుంటే
ఇనవడ్డది.